మూలాలు లేని మొలకలు

ఆ ఆదివారం పొద్దున కత్తెర వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం లోపల ఒక్క కొత్త మనిషితో మర్యాదగా మాట్లాడాలి. హాలు సర్దాలి, ఫ్యాను రెక్కలు తుడవాలి, కింద వాచ్‌మన్ దగ్గర నుంచి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు పైకి తేవాలి అని భార్య ఇంకో పథకం వేసింది గానీ, అది ఆయన లెక్కలోకి రాదు.

కత్తెర అసలు పేరు కాదు, సంపాదించుకున్న పేరు. ఇంటర్నెట్‌లో నలుగురూ చేరి ఉచితంగా రాసుకునే విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అని దాని మొదటి పేజీలోనే ఉంటుంది. రాసినదాన్ని కత్తెర తీసేస్తాడన్న సంగతి మాత్రం ఎక్కడా ఉండదు. ఆయన అక్కడ నిర్వాహకుడు, అంటే పేజీలను తొలగించే బొత్తం చేతిలో ఉన్నవాడు. అలాంటి బొత్తం ఇంకో ముగ్గురు నలుగురికి కూడా ఉంది. వాళ్లకు అది ఉన్నట్టు ఏ పండక్కో పబ్బానికో గుర్తొస్తుంది. ఈయన దాని మీద నుంచి వేలు తీయడు.

కొత్తవాళ్లు ఎంతో ఆశగా రాసిన వ్యాసం కింద ఆయన పెట్టే సందేశం ఎప్పుడూ ఒకటే. "మూలాలు లేవు. ప్రాముఖ్యత లేదు. శైలి లేదు. తొలగించాను. స్వాగతం." చివర్లో స్వాగతం అనే మాట ఉంది కాబట్టి లెక్కల్లో అది స్వాగత సందేశం కిందికే వచ్చేది. ఆ రకంగా సర్వస్వం మొత్తంలో కొత్తవారిని అందరికంటే ఎక్కువగా ఆహ్వానించిన ఘనత ఆయనకే దక్కింది. ఆ వచ్చినవాళ్లలో ఎంతమంది నిలిచారో ఎవరూ లెక్క తీయలేదు. తీసి ఉంటే సున్నా చుట్టడానికి పెద్ద శ్రమ పడాల్సిన పని లేదు.

అక్కడి భాష గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. పాఠకులు కూడా ఈ కథకు కొత్తవారే కదా, మర్యాద చేయడం మన ధర్మం. రెండు వాక్యాల దగ్గర ఎదుగుదల ఆగిపోయిన వ్యాసాన్ని అక్కడ మొలక అంటారు. చెప్పిన సంగతికి ఆధారంగా చూపించే పుస్తకాన్నో పత్రికనో మూలం అంటారు. మూలం లేని మొలకను కొన్నాళ్లు చూసి పీకేస్తారు. చూడటం, పీకటం రెండూ కత్తెరే చేస్తాడు గనుక ఆ కొన్నాళ్లు ఒక్కోసారి టీ తాగినంత సేపు కూడా ఉండేవి కావు.

ఆఫీసులో కూడా ఆయనది ఇలాంటి ఉద్యోగమే. దరఖాస్తుల్లో తప్పు వెతికి తిప్పి పంపే సెక్షన్లో సీనియర్ గుమస్తా. అయితే అక్కడ ఆయన తిప్పి పంపినవాటిని పై అధికారి మళ్లీ రప్పించి సంతకం పెట్టేస్తుంటాడు. ఆయన మాట ప్యూను వినడు. ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ లోకంలో ఆయన నొక్కితే పని జరిగే బొత్తం ఆ ఒక్కటే. అది కాస్తా ఇప్పుడు పోయేలా ఉంది.

సర్వస్వంలో అందరికంటే పెద్ద నిర్వాహకుడు, రిటైరైన ఫిజిక్సు లెక్చరరు ఒకాయన ఉన్నాడు. అందరూ పెద్దాయన అంటారు. ఆయన వారం కిందట ఉత్తరం రాశాడు. కొత్తవాళ్లు వచ్చినదారినే పోతున్నారు, పోయినవాళ్లందరూ మీ పేరే చెబుతున్నారు, ఆదివారం సాయంత్రం మీ ఇంట్లోనే నిర్వాహకులందరం కలుద్దాం, మీరు మర్యాదగా చూశారని చెప్పే కొత్త మనిషి ఒక్కరంటే ఒక్కరు కనబడితే మీ హోదా ఉంటుంది, లేకపోతే ఉండదు అని దాని సారాంశం. అది చదివిన రోజు కత్తెరకు అన్నం సహించలేదు. మనం నవ్వుకోవచ్చు గానీ ఆయన బాధ మాత్రం నిజమైన బాధే.

"నువ్వొకసారి చేరావు కదా సర్వస్వంలో. సాయంత్రం ఆ మాట చెప్పకూడదూ," అన్నాడు భార్యతో, ఫ్యాను వైపు చూడకుండా.

భార్య హైస్కూల్లో లెక్కల టీచరు. "ఏమని చెప్పను? వర్గమూలం మీద వ్యాసం రాస్తే మూలాలు లేవని తీసేశారని చెప్పనా?" అంది.

"అది మామూలుగా అందరికీ పెట్టే సందేశమే."

"వర్గమూలానికి మూలం లేదన్నవాడు మీరొక్కరే. పిల్లలకి కూడా చెప్పాను, ఇప్పటికీ నవ్వుతారు."

"పోనీ కొత్తదానిగా నిన్ను మర్యాదగా చూశానని చెప్పు."

"నేను కొత్తదాన్ని ఏమిటండీ, పెళ్లయి ఇన్నేళ్లయితే? కొత్తలో చూశారేమో, నాకు గుర్తు లేదు. ఆ ఫ్యాను తుడవండి."

ఇంటా బయటా సాక్షి దొరకని పరిస్థితిలో కత్తెర కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ముందు రోజే ఊళ్లో తనకు తెలిసిన ఫోన్ గుంపులన్నింటిలోనూ ఒక ప్రకటన వదిలిపెట్టాడు. జీవితంలో ఎవరినీ పిలిచి పీట వేసిన అలవాటు లేదు కాబట్టి కొంచెం కవిత్వం ఎక్కువైంది. "మా దగ్గర వేలాది మొలకలు ఎదుగూ బొదుగూ లేకుండా పడి ఉన్నాయి. ఆదరించే చేతుల కోసం ఎదురు చూస్తున్నాయి. అనుభవం అక్కర్లేదు, ప్రేమ ఉంటే చాలు. రండి, మొలకలను కాపాడదాం." దాని కింద, ఎవరైనా తనకు సందేశం రాయగల తన చర్చా పేజీకి దారి చూపించాడు. సర్వస్వం అన్న మాట రాయడం మరిచిపోయాడు. చేప పిల్లకు ఈత గురించి చెప్పాలా అనుకున్నాడేమో.

చర్చా పేజీలో ఒక సందేశం వచ్చి ఉంది. రాసినవారి పేరు హస్తవాసి. ఎవరో రచయిత్రి కలం పేరై ఉంటుంది, దస్తూరి మీద మక్కువతో పెట్టుకుని ఉంటుంది అనుకున్నాడు కత్తెర. ఆవిడకు ఊరి చివర మొక్కల నర్సరీ ఉందనీ, ఆవిడ చేత్తో నాటితే ఎండుపుల్లయినా చిగురిస్తుందని నలుగురూ అనబట్టి ఆ పేరు పెట్టుకుందనీ ఆయనకు తెలియదు.

"మీ పిలుపు చూశాను. మొలకలంటే నాకు ప్రాణం. ఎన్ని ఉన్నాయి?" అని ఉంది.

కత్తెర చేతివేళ్లు అలవాటు కొద్దీ 'మూలాలు లేవు' అని కొట్టబోయాయి. వాటిని బలవంతాన ఆపి, "నమస్కారమమ్మా. స్వాగతం, సుస్వాగతం. వేలల్లో ఉన్నాయి," అని రాశాడు.

"అన్నీ ఒకే చోటనా?"

"ఒకే చోటమ్మా. మా దగ్గరే."

"ఎంతెంత ఉన్నాయి?"

"ఒక్కోటి రెండు లైన్లు. అంతకు మించి పెరగలేదు."

"లైనుకీ లైనుకీ మధ్య ఎడం ఎంత వదిలారు?"

ఈవిడ ఏ అచ్చాఫీసులోనో పనిచేసి ఉంటుంది అనుకున్నాడు కత్తెర. మామూలు రోజయితే ఇలాంటి ప్రశ్న వేసినందుకే ఇక అక్కడ ఏమీ రాయకుండా నిరోధం పెట్టేవాడు. "మామూలు ఎడమే అమ్మా," అన్నాడు.

"అదే తప్పు. ఇరుకైతే వాటికి ఊపిరాడదు. సరే, వేళ్లు ఎలా ఉన్నాయి? చూసుకుంటున్నారా?"

కత్తెర తన వేళ్ల వైపు చూసుకున్నాడు. ఇన్నేళ్లుగా రాత్రనకా పగలనకా టైపు చేస్తున్నా, ఆ వేళ్ల గురించి అడిగిన మనిషి లేదు. కట్టుకున్న భార్య కూడా అడగలేదు. "ఏం చెప్పమంటారమ్మా. పొద్దున లేచేసరికి బిగుసుకుపోయి ఉంటాయి," అని రాశాడు.

"అనుకున్నాను. నేను వచ్చి చూస్తాను. దిగులు పడకు నాయనా."

మీరు కాస్తా నువ్వయినందుకు కత్తెరకు కోపం రాలేదు. పైగా కళ్లు చెమర్చాయి. ఆ ఆర్ద్రతలోనే మనసు విప్పాడు. "అసలు సమస్య వేరే ఉందమ్మా. చాలావాటికి మూలాలు లేవు."

"మూలాలు లేకుండా ఇన్నాళ్లు ఎలా నిలబడ్డాయి?"

"ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నిలబడ్డాయి. మూలం లేనిదాన్ని పీకేయాల్సిందే, అందులో నాది కూడా అదే మాట."

"అసలు నాటింది ఎవరు?"

ఇక్కడ కత్తెర ఆగాడు. నాటింది ఆయనే. సర్వస్వంలో తానే కొత్తగా చేరిన రోజుల్లో, వ్యాసాల సంఖ్యలో అందరినీ మించాలన్న తొందరలో, ఊరి సందుల పేర్లు ఒక చిన్న ప్రోగ్రాముకు తినిపించి సందుకో వ్యాసం చొప్పున కుప్పలు పోశాడు. అప్పట్లో సర్వస్వంలో కత్తెరలు లేవు. ఎవరూ ఏమీ అనలేదు సరికదా, భలే ఊపు మీదున్నారు అని మెచ్చుకున్నారు. ఆ సంఖ్య చూసే తర్వాత నిర్వాహకుణ్ణి చేశారు.

"ఎవరో నాటి వదిలేసి పోయారమ్మా," అని రాశాడు.

"వాడి చేతులు పడిపోను. పసివాటిని అలా గాలికి వదిలేస్తారా?"

"నిజమేనమ్మా," అన్నాడు కత్తెర.

సాయంత్రం మా ఇంట్లో అందరం కలుస్తున్నాం, మీరూ రావాలి, మీతో ఇంకెవరైనా ఉంటే తీసుకురండి అని చిరునామా ఇచ్చి, ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు. పది నిమిషాల్లో ఆవిడే ఫోన్ చేసింది. గొంతు ఖంగుమంటోంది.

"నాయనా, మా మొక్కల సంఘం ఆడవాళ్లు కూడా వస్తామంటున్నారు. పర్లేదా?"

మొక్కల మీద వ్యాసాలు రాసే సంఘమన్నమాట అనుకున్నాడు కత్తెర. "పర్లేదేమిటమ్మా, మహాభాగ్యం."

"ఉత్త చేతులతో రావడం బాగుండదు. ఎరువు తెస్తాం."

కత్తెర మురిసిపోయాడు. ఎరువు అంటే అప్పుగా తెచ్చుకోవడం అని ఆయనకు నాయనమ్మ మాటల వల్ల తెలుసు. మూలాలు లేవని చెప్పీచెప్పగానే గ్రంథాలయం నుంచి పుస్తకాలు ఎరువు తెస్తానంటోంది. ఇంత మంచి పాతకాలపు తెలుగు మాట్లాడేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారు.

"తప్పకుండా తెండమ్మా. ఎంత దొరికితే అంత. మాకు ఎంతైనా చాలదు."

"బాగా పాతది ఉంది. చాన్నాళ్లు మగ్గింది."

"పాతవైతే మరీ మంచిది."

"కాకపోతే కొంచెం వాసన వస్తుంది."

"ఆ వాసనంటే నాకు ప్రాణమమ్మా. చిన్నప్పటి నుంచీ మొహం దగ్గర పెట్టుకుని పీల్చేవాణ్ణి."

"సరే నాయనా, ఎవరి ఇష్టం వాళ్లది. బండితో తెచ్చి గేటు దగ్గర దింపిస్తాం," అంది. కత్తెర కిందికి పోయి వాచ్‌మన్‌కు గట్టిగా చెప్పాడు. సాయంత్రం పెద్దావిడ సరుకు తెస్తుంది, ఎందుకూ ఏమిటీ అని సతాయించకుండా మర్యాదగా దింపించు, కొత్తవాళ్లను మనం గౌరవించాలి అన్నాడు. వాచ్‌మన్‌కు ఈ మనిషి నోట ఆ మాట కొత్తగా అనిపించింది గానీ తలూపాడు.

సాయంత్రం కత్తెర చివరికి కుర్చీ ఎక్కి ఫ్యాను తుడుస్తుండగా భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏమిటండీ ఈ కంపు?"

"పాత పుస్తకాలు. అలవాటు లేనివాళ్లకి అలాగే ఉంటుంది."

"ఏ పుస్తకాలు? పేడ మీద అచ్చేసినవా?"

కత్తెర బాల్కనీలోంచి కిందికి చూశాడు. ఒక ట్రాక్టరు తొట్టి పైకి లేచి ఉంది. దాని కింద గేటుకు ఈ చివర నుంచి ఆ చివర దాకా మగ్గిన పశువుల ఎరువు గుట్టగా పోసి ఉంది. వాచ్‌మన్ చేతులు కట్టుకుని ఎంతో గౌరవంగా నిలబడి ఉన్నాడు. పారలూ తట్టలూ పట్టుకున్న ఆడవాళ్లు కొందరు గుట్ట పక్క నుంచి లోపలికి వస్తున్నారు.

ఎరువంటే ఎరువే అని అప్పుడు తట్టింది కత్తెరకు. మొలకంటే మొలకే అని కూడా ఆ వెంటనే తట్టింది. వేళ్ల సంగతి తట్టేసరికి మాత్రం మనసు చివుక్కుమంది.

పరుగున కిందికి దిగాడు. అప్పటికే అపార్ట్‌మెంటు సెక్రటరీ కారు స్టార్టు చేసి, ముందుకు పోలేక, గుట్టకు ఎదురుగా హారను కొడుతున్నాడు. సెక్రటరీ ఎలక్ట్రికల్ సామాన్ల డీలరు. ప్రతి గోడ మీదా 'ఇచట పోయరాదు', 'ఇచట పెట్టరాదు' అని నోటీసులు అంటించిన మనిషి.

"ఎవరు పోయించారు ఇది?" అన్నాడు కారు దిగి.

కత్తెర నోరు తెరిచాడు. పక్కనే మెడలో కళ్లజోడు వేలాడేసుకుని, చేతిలో గునపంతో హస్తవాసి నిలబడి ఉంది. పొరపాటున వచ్చింది అని ఒక్క మాట అంటే సెక్రటరీతో గొడవ తీరిపోతుంది. కానీ ఆవిడ చిన్నబుచ్చుకుని వెనక్కి తిరిగిపోతుంది. ఆవిడతో పాటు ఆయన బొత్తమూ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, నడుమ గుట్ట.

"నేనేనండీ," అన్నాడు.

"ఎందుకు?"

"మొలకలకి."

"ఏ మొలకలు? మూడో అంతస్తులో మీకు మొలకలేమిటి?"

"చూడు నాయనా," అని హస్తవాసి సెక్రటరీకి అడ్డం వచ్చింది. "ఈయన పాపం వేలాది మొలకల్ని ఒంటి చేత్తో సాకుతున్నాడు. మంచి పని చేసేవాళ్లని చూస్తే సాయం పట్టాలి గానీ హారను కొట్టకూడదు. ఏవయ్యా, పద, మొలకలు చూపించు."

"ముందు టీ తాగండమ్మా," అన్నాడు కత్తెర.

"టీ ఎక్కడికి పోతుంది. ఎండ ఉండగానే చూడాలి."

సమావేశం అయ్యేదాకా ఎలాగోలా నెట్టుకొచ్చి, పెద్దాయన ముందు మర్యాద మాట చెప్పించి, తర్వాత కాళ్ల మీద పడదామని కత్తెర ఎత్తు. సెక్రటరీ ఆయన చొక్కా పట్టుకోలేదు గానీ అంత పనీ చేశాడు. నోటీసు ఇస్తాననీ, సర్వసభ్య సమావేశం పెడతాననీ వేలు చూపిస్తూ ఉంటే, కత్తెర మర్యాద అనేది ఒకసారి మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియక ఆయనకు కూడా "మంచి సూచన చేశారు, ధన్యవాదాలు," అని చెప్పాడు. ఈ సందడిలో మొక్కల సంఘం ఆడవాళ్లు ఎటు పోయారో చూసుకోలేదు.

మొలకలు ఇంట్లో ఉండవు, మేడ మీదే ఉంటాయి అన్నది తోటపని తెలిసినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్లు తిన్నగా డాబా మీదికి పోయారు. అక్కడ నీళ్లట్యాంకు పక్కన వరసగా పూల కుండీలు కనిపించాయి. అవి సెక్రటరీ ప్రాణాలు. వాటి ముందు 'ముట్టరాదు' అని నోటీసు కూడా ఉంది. వేలల్లో ఉన్నాయని చెప్పి పట్టుమని పది కుండీలు లేవేమిటి అని వాళ్లు కాసేపు అనుకున్నారు. మిగతావన్నీ చచ్చిపోయి ఉంటాయి పాపం అని ఒకావిడ జాలిపడింది. మూలాలు లేవని మొరపెట్టుకున్నాడు కదా, చూద్దాం అని ఇంకో ఆవిడ ఒకదాన్ని మట్టితో సహా పైకి లేపింది. కత్తెర, సెక్రటరీ పైకి వచ్చేసరికి అన్ని గులాబీ మొక్కలూ పాత దినపత్రిక మీద వేళ్లు పైకి పెట్టుకుని పడుకుని ఉన్నాయి.

"నీళ్లు మరీ ఎక్కువ పోశావు నాయనా," అంది హస్తవాసి కత్తెరతో. "వేళ్లన్నీ కుళ్లాయి. ఈ పాపం నీదేనా?"

సెక్రటరీ మొహం చూశాక, అది తనది కాదని చెప్పే ధైర్యం కత్తెరకు లేకపోయింది. నాదేనమ్మా అన్నాడు. రోజూ చెంబుతో నీళ్లు మోసిన సెక్రటరీకి, మొక్కలు తనవే అని చెబితే పాపం కూడా తనదే అవుతుందని అర్థమైంది. మింగలేక కక్కలేక, నీ ఇంట్లోనే అందరి ముందూ తేల్చుకుంటానని కత్తెర వెనకే కిందికి దిగి, ఆయన హాల్లో ఒక కుర్చీ ఆక్రమించాడు.

హాలు నిండిపోయింది. నిర్వాహకులు ముగ్గురూ చెప్పులు గుమ్మం బయట దూరంగా వదిలి వచ్చారు. గుట్ట దాటేటప్పుడు పెద్దాయన మోకాలి దాకా దిగబడ్డాడు గానీ, హాల్లో ఇంతమంది కొత్త మొహాలు చూసేసరికి ఆ సంగతి మరిచిపోయాడు.

"ఒక్క మనిషిని చూపించమంటే సంఘాన్నే దింపారే," అన్నాడు ఆనందంగా. "మిమ్మల్ని అపార్థం చేసుకున్నాం కత్తెరగారూ."

"అయ్యో, ఎంత మాట," అన్నాడు కత్తెర. నుదుటి మీద చెమట కారుతోంది. ఫ్యాను తిరుగుతోంది గానీ సగం రెక్కలకే దుమ్ము వదిలింది.

పెద్దాయన హస్తవాసి వైపు తిరిగాడు. "అమ్మా, మీరు కొత్తగా చేరారు. మీతో ఈయన ఎలా నడుచుకున్నాడో మొహమాటం లేకుండా చెప్పండి."

హస్తవాసి గునపం గోడకు ఆనించింది. "మొహమాటం నాకు తెలియదండీ. ఇంత మర్యాద గల మనిషిని ఈ మధ్య చూడలేదు. అడిగినదానికల్లా అమ్మా అమ్మా అని జవాబు చెప్పాడు. ఒక్కసారి విసుక్కుంటే ఒట్టు."

వంటింటి గుమ్మంలో టీ పళ్లెంతో నిలబడిన భార్య, ఎవరి గురించి అని పక్కావిణ్ణి అడిగింది.

నిర్వాహకులు చప్పట్లు కొట్టారు. హోదా తీసేయాలన్న ప్రతిపాదన తీసేశారు. పెద్దాయన అంతటితో ఊరుకోలేదు. మనిషి మంచివాడు, ఉత్సాహం వస్తే ఆగడు. "ఈ వెలుగులో ఒక నియమం కూడా పెట్టుకుందాం. కొత్తగా చేరినవారు మొదటి నెలలో ఏం చెయ్యాలనుకున్నా పాతవాళ్లం అడ్డుపడకూడదు, పైగా చేతనైన సాయం చెయ్యాలి. కత్తెరగారు బలపరిస్తే బాగుంటుంది," అన్నాడు.

"గట్టిగా బలపరుస్తున్నాను," అన్నాడు కత్తెర. బొత్తం దక్కిన సంతోషంలో ఆయన ఆ క్షణాన దేన్నయినా బలపరిచేవాడు.

"నెల దాకా ఎవరూ చెరపరా? అయితే నాకూ ఒక కొత్త ఖాతా తెరవండి," అంది భార్య, పెద్దాయనకు టీ ఇస్తూ.

"అన్నీ బాగున్నాయి," అంది హస్తవాసి. "మరి ఆ మొలకలేవీ? పొద్దుట్నుంచీ అడుగుతున్నా. పైనవి కావని ఈ కారు పెద్దమనిషి మొహం చూస్తేనే తెలిసింది."

కత్తెర గ్లాసులు సర్దడం మొదలుపెట్టాడు. పెద్దాయనకు ఏ పాపమూ తెలియదు. "దానిదేముందమ్మా, ఇప్పుడే చూపిస్తాను," అని కత్తెర ల్యాప్‌టాప్‌నే తన వైపు తిప్పుకుని మొలకల జాబితా తెరిచాడు. "ఇవిగో. రెండు వాక్యాల వ్యాసాన్ని మేం మొలక అంటాం. ఆధారాన్ని మూలం అంటాం."

మొక్కల సంఘం ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కింద గుట్ట, పైన గులాబీలు, చేతిలో పారలు అన్నీ వాళ్లకు ఒక్కసారి గుర్తుకొచ్చినట్టున్నాయి. ఇక లేచి పోతారు అనుకున్నాడు కత్తెర, తేలు కుట్టిన దొంగలా కదలకుండా నిలబడి. హస్తవాసి మాత్రం కళ్లజోడు పెట్టుకుని తెర దగ్గరికి కుర్చీ జరుపుకుంది.

"'పాత గోడౌను సందు ఒక సందు. ఇది ఊళ్లోని సందుల్లో ఒకటి,'" అని పైకి చదివింది. తర్వాతది నొక్కింది. "'పాత గోడౌను వెనక సందు ఒక సందు. ఇది ఊళ్లోని సందుల్లో ఒకటి.' ఇంతేనా?"

"మొలకలు కదమ్మా," అన్నాడు పెద్దాయన.

"'పాత గోడౌను పక్క సందు ఒక సందు.' ఇలాంటివి వేలా?"

"ఉంటాయి."

"ఎన్నేళ్ల నుంచి?"

"చాలా ఏళ్ల నుంచి."

"మట్టిలో ఉన్నా, ఈ పెట్టెలో ఉన్నా, ఇన్నేళ్లు ఎదగనిది మొలక కాదండీ. మోడు," అంది హస్తవాసి. "ఎవడో నాటి వదిలేసి పోయాడట కదా."

"ఎవరో తెలియకపోవడమేమిటి? పేజీ చరిత్ర నొక్కితే తెలిసిపోతుంది," అని పెద్దాయన నొక్కాడు. ఇంకో పేజీది నొక్కాడు. మూడోది కూడా నొక్కాడు. తర్వాత నొక్కడం మానేసి కత్తెర వైపు చూశాడు. కత్తెర ఎవరూ ఏమీ అనకముందే భుజాలు తడుముకుంటున్నాడు.

"పొద్దున బిగుసుకుపోయాయన్నది నీ చేతివేళ్లా?" అంది హస్తవాసి నెమ్మదిగా.

"అవునమ్మా."

"బిగుసుకుపోవూ మరి, ఇన్ని కొడితే." ఆవిడ గొంతులో కోపం లేదు, అందుకే కత్తెరకు భయం వేసింది. "సరే. నువ్వు మాతో ఎంతో మర్యాదగా ఉన్నావు. ఊరికే టీ తాగి పోవడం మాకు పద్ధతి కాదు. మూలం లేనిదాన్ని పీకేయాల్సిందే అని పొద్దున నువ్వే అన్నావు. మేం ఈ సందులన్నీ పీకించేస్తాం. అదే మా మొదటి పని. కొత్తవాళ్లం కదా, అడ్డుపడరనుకుంటా."

నిర్వాహకులు నియమం గుర్తు చేసుకుని తలలూపారు. సెక్రటరీకి ఏ వ్యాసమూ తెలియదు గానీ, కత్తెరవి ఏవో పీకుతున్నారని అర్థమై, వచ్చినప్పటి నుంచి మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలాడు.

"కాకపోతే తొలగించే బొత్తం కొత్తవారికి ఉండదమ్మా," అన్నాడు పెద్దాయన. "నిర్వాహకులే నొక్కాలి. అనుభవం చూసుకుంటే కత్తెరగారే తగినవారు. హోదా కూడా ఇప్పుడే ఖాయం చేశాం."

ల్యాప్‌టాప్ కత్తెర ముందుకు వచ్చింది. హస్తవాసి పక్కనే కుర్చీ వేసుకుని, ఇది, తర్వాత ఇది అని వేలు చూపించింది. గోడౌను సందు పోయింది. దాని వెనక సందు, పక్క సందు పోయాయి. తను నిర్వాహకుడు కావడానికి మెట్లుగా నిలిచిన సందులన్నీ ఒక్కొక్కటే తన చేతి కిందే మాయమవుతుంటే కత్తెరకు నిజంగానే కళ్ల నీళ్లు తిరిగాయి. ఎంతమంది కొత్తవాళ్ల వ్యాసాలు తీసేసినా ఏ రోజూ అలా కాలేదు. వాళ్లకూ ఇలాగే ఉండేది కాబోలు అని ఆయనకు అనిపించిందో లేదో మనకు తెలియదు. అనిపించినట్టు మూలాలు లేవు.

"అమ్మా, ఒక్క వారం గడువు ఇవ్వండి. ఎక్కడున్నా ఆధారాలు వెతికి పెడతాను," అని ఆయన చేతులు జోడించాడు.

హస్తవాసి కళ్లజోడు తీసి తుడుచుకుని, ఎంతో మర్యాదగా, వీలుపడదంది.